చుట్టుదారి బడి

"దగ్గరదారి వద్దు క్లైవ్. గాలిమర వైపు నుంచి తిప్పి తీసుకెళ్ళు. బడికి వెళ్ళినట్టుండాలి," అంది నోలా, కూతురి జడకి రిబ్బను బిగిస్తూ.

"ఎండ మండిపోతోంది. పిల్ల వాడిపోతుంది."

"పిల్ల బాగానే ఉంది. నువ్వే వాడిపోయావు. అద్దంలో మొహం చూసుకో."

క్లైవ్ చూసుకోలేదు. ఊళ్ళకి దూరంగా, వేల గొడ్లున్న పశువుల క్షేత్రాన్ని నెట్టుకొస్తున్న మనిషికి, ఐదేళ్ళ బ్రిడీని బడికి పంపే రోజు వచ్చేసరికి పొద్దుటి టీ కూడా గొంతు దిగలేదు. బ్రిడీ మాత్రం కొత్త యూనిఫాం, వెడల్పు టోపీ, వీపున సంచీతో ఠీవిగా నిలబడింది.

"టీచర్ కోప్పడుతుందా అమ్మా?"

"ఏమో తల్లీ. ఆమెకీ కొత్తే."

బ్రిడీ కోళ్ళకి టాటా చెప్పడానికి పరిగెత్తింది. నోలా నైటీలోనే కుర్చీలో కూలబడింది.

"ఆ టీచర్ ఇంతవరకు ఎవరికీ ఒక్క అక్షరం నేర్పలేదు క్లైవ్."

"టౌన్‌లో శిక్షణ ఇచ్చారుగా?"

"వారం రోజులు. నేనూ అక్కడే ఉన్నాగా, చూశాను. సగం అర్థంకాక దిక్కులు చూస్తూ కూర్చుంది."

"మరీ తీసిపారెయ్యకు. నాకామె మీద నమ్మకముంది."

"నీకు అందరూ మంచివాళ్ళే."

"నిజమే. లేకపోతే నిన్ను చేసుకుంటానా?"

నోలా నవ్వలేదు. ఈ బడి కుదరకపోతే ఇక మిగిలింది టౌన్ హాస్టల్. రోజంతా ప్రయాణం. నోలా కూడా చిన్నప్పుడు ఆ హాస్టల్‌కే వెళ్ళింది. దిండులో మొహం దాచుకుని ఏడవడం అక్కడే నేర్చుకుంది. ఏమైనా సరే, తన కూతురికి ఆ చదువు మాత్రం వద్దని ఆమె పట్టుదల.

ట్రక్కు కదిలింది. వెంటపడుతున్న కుక్క స్పానర్‌ని ఇంటి దగ్గరే ఉండమని క్లైవ్ కసిరాడు. ఎర్రదుమ్ము లేపుకుంటూ గాలిమర దాటారు, చెరువు దాటారు. బండి నడిపేవాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళే కంచె గేట్లు తియ్యాలి కాబట్టి ప్రతి గేటు దగ్గరా బ్రిడీ దిగింది. ఒక్కో గేటుకీ ఆమె హుషారు కొంచెం తగ్గుతూ వచ్చింది.

"బడిలో ఇంకా ఎవరుంటారు నాన్నా?"

"ఈ ఏడాదికి నువ్వొక్కదానివే."

"అయితే క్లాసులో నేనే ఫస్టు."

"లాస్టు కూడా నువ్వే. ఎక్కువ మిడిసిపడకు."

బడి అంటే ఒకప్పుడు పనివాళ్ళు ఉన్న గది. మొన్ననే క్లైవ్ దానికి తెల్లరంగు వేశాడు. ట్రక్కు ఆగేసరికి స్పానర్ మెట్ల మీద నాలుక చాపుకుని కూర్చుని ఉంది.

"దీనికి దగ్గరదారి తెలుసు," అంది బ్రిడీ. అన్నదే గానీ ట్రక్కు దిగలేదు.

గుమ్మంలో టీచర్ నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన నీలం గౌను, వెనక్కి లాగి కట్టిన ముడి. చేతిలో గంట, కొట్టకుండానే చిన్నగా మోగుతోంది.

"గుడ్ మార్నింగ్ బ్రిడీ. లోపలికి రా."

క్లైవ్ చెయ్యి పట్టి దించగానే బ్రిడీ అతని మోకాలిని చుట్టేసుకుంది. "ఇంటికెళ్దాం నాన్నా. నాకు అమ్మ కావాలి."

టీచర్ మొహం చిన్నబోయింది. ఒక అడుగు ముందుకు వేసి ఆగింది.

"సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ ఉంటుంది. ఇక్కడ నేనుంటాను," అంది నెమ్మదిగా. "ఈ గంట కొట్టేవాళ్ళు లేరు. నీకు కొట్టడం వచ్చా?"

బ్రిడీ గంట వైపు చూసి మోకాలు వదిలింది. పిల్ల వెనకే లోపలికి వెళ్ళబోయిన క్లైవ్‌ని టీచర్ ఆపేసింది.

"తల్లిదండ్రులు బయటే ఉండాలండీ."

క్లైవ్ టోపీ తీసి, "సరే మేడమ్," అని ట్రక్కెక్కి, ఎవరూ చూడనంత దూరం వెళ్ళాక ఏడ్చాడు. ఆ రోజు కంచె బాగుచేస్తూ మేకు మీద కొట్టాల్సిన సుత్తి దెబ్బలు చాలావరకు తన వేలి మీదే కొట్టుకున్నాడు.

సాయంత్రం మళ్ళీ అదే చుట్టుదారిలో కూతుర్ని ఇంటికి తెచ్చాడు. దారిలో ఎంత గుచ్చి గుచ్చి అడిగినా బ్రిడీ, "అమ్మకే చెప్తా," అంది తప్ప నోరు విప్పలేదు.

వంటింట్లో నోలా పొడుగాటి ఏప్రన్ కట్టుకుని పిండి కలుపుతోంది. జుట్టు మొహం మీద పడుతోంది, ఆయాసపడుతోంది.

"ఏమ్మా, టీచర్ ఎలా ఉంది?"

"పంది బొమ్మ వేస్తానంది. ఆవులా వచ్చింది."

"కోప్పడిందా?"

"ఒక్కసారి. టోపీ బల్ల మీద పెట్టానని. మళ్ళీ ఆమే బాధపడింది." బ్రిడీ డబ్బాలో మిగిలిన, ఉప్పటి వెజిమైట్ పూసిన బ్రెడ్డు కొరికింది. "కథ మాత్రం బాగా చెప్పింది. నా పేరు నాతోనే రాయించింది."

నోలా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "మరి రేపు వెళ్తావా?"

క్లైవ్ తాగుతున్న టీ పక్కన పెట్టేశాడు.

"వెళ్ళాలి కదా. నేను వెళ్ళకపోతే ఆమెకి ఎవరున్నారు?" అంది బ్రిడీ. లేచి వచ్చి తల్లి నడుము చుట్టూ చేతులు వేసింది. "పాపం టీచర్‌కి భయంగా ఉందమ్మా. చేతులు వణికాయి. బాగానే చెప్తోందని నువ్వు ఆమెకి చెప్పు."

"చెప్తాలే," అంది నోలా. కళ్ళు తుడుచుకోవడానికి ఏప్రన్ పైకెత్తింది.

కింద టీచర్ నీలం గౌను ఉంది.