బేస్‌మెంట్ తీర్పు

ఫోన్‌లో మెయిల్ చదువుతూనే హంసిక సోఫా మీద నుంచి ఎగిరి దూకింది.

"వచ్చేసింది! లక్సెంబర్గ్! యూరప్ కోర్టు! ఒక జడ్జి దగ్గర ఆర్నెల్లు పని! రేపటిలోగా ఎస్సో నోనో చెప్పాలట!"

మానవ్ ఆమెను ఎత్తుకుని హాలంతా గిరగిరా తిప్పాడు. కొత్త మట్టెలు సోఫా గుడ్డకు తగులుకుని, ఆ గుడ్డ కూడా వాళ్ళతో పాటు ఒక చుట్టు తిరిగింది.

అత్త కృష్ణకుమారి గరిటెతో సహా బయటికొచ్చింది. "పెళ్ళై నెలన్నా కాలేదు, ఆర్నెల్లా? అంత దూరం వెళ్ళి ఏం చేస్తావే?"

"యూరప్ చట్టంలో చాలా మటుకు ఆ కోర్టు తయారుచేసిందే అత్తయ్యా. దేశాల చట్టాల కన్నా యూరప్ చట్టమే పెద్దదని వాళ్ళ అగ్రిమెంట్‌లో ఎక్కడా రాసి లేదు. ఇటలీలో ఒకాయన కరెంటు బిల్లు కట్టనని మొండికేస్తే, ఆ కేసులో జడ్జీలు చెప్పారు. అంతే, అదే రూల్ అయిపోయింది!"

"కరెంటు బిల్లు ఎగ్గొట్టినవాడి కోసం మొగుణ్ణి వదిలేసి పోతావన్నమాట!"

మామ లక్ష్మీకాంతం టీవీ ఆపాడు. "ఆగు కుమారీ. పెద్ద డిసిషన్స్‌కి కోడలు పెట్టిన పద్ధతి ఉందిగా. అలాగే తేలుద్దాం."

ఆ పద్ధతి కూడా లక్సెంబర్గ్‌దే. అక్కడ జడ్జీలు తలుపులు వేసుకుని మాట్లాడుకుంటారు. బయటికి ఒకే ఒక్క తీర్పు వస్తుంది. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో చచ్చినా చెప్పరు. అమెరికా జడ్జీల్లాగా 'నేను ఒప్పుకోను' అని విడిగా రాసే వీలు లేదు. ఇలా అయితే ఇంట్లో ఒకరినొకరు దెప్పుకోవడం ఉండదని, ఎవరి విషయమైతే వాళ్ళు ఓటు వేయకూడదని, అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళోని ఈ ఇంట్లో కాలు పెట్టిన కొత్తలోనే హంసిక చెప్పింది. అందరికీ తెగ నచ్చింది.

ముగ్గురూ బేస్‌మెంట్‌లోకి దిగి తలుపేసుకున్నారు. హంసిక పైన కూర్చుని లక్సెంబర్గ్‌లో చలి ఎంత ఉంటుందో చూసుకుంటోంది. మామయ్య సంగతి తెలియదు, అత్తయ్య సంగతి తెలుసు. మానవ్ మాత్రం ఉన్నాడు కదా!

కాసేపటికి లక్ష్మీకాంతం పైకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "తీర్పు. వెళ్ళడానికి కుదరదు."

"కుదరదా? ఎవరు వద్దన్నారు?"

"చెప్పకూడదమ్మా. నీ రూలే."

"పోనీ కారణం?"

"కుటుంబ శ్రేయస్సు."

"అదొక కారణమా మామయ్యా? ఆ కోర్టు ప్రతి తీర్పుకీ పేజీలకి పేజీలు రాస్తుంది! మీరు రెండు ముక్కల్లో నా కెరీర్ మూసేస్తారా?" ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీ ఓటు ఎటు?"

మానవ్ కార్పెట్ వైపు చూశాడు. "హనీ, ప్రమాణం చేశాం కదా..."

"హనీ లేదు, గినీ లేదు! ఇందాక ఎత్తుకుని తిప్పింది దేనికి? కళ్ళు తిరిగి పడిపోతాననా?"

గరాజ్ తలుపు ధడేలున కొట్టుకుంది. హంసిక కార్లో కూర్చుని స్టీరింగ్‌ని రెండు చేతులా బాదుతుంటే లక్ష్మీకాంతం చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి అద్దం మీద తట్టాడు.

"బయట మంచు పడుతోంది తల్లీ, ఎక్కడికీ డ్రైవ్ చేయకు. ఒక మాట. నేను మాత్రం నిన్ను వెళ్ళమనే అన్నాను. మీ అత్తయ్యకి తెలిస్తే నాకు కాఫీ నీళ్ళు కూడా పుట్టవు. నీ కడుపులో పెట్టుకో."

హంసిక కోపం రెట్టింపై వంటింట్లోకి వచ్చి పడింది. కృష్ణకుమారి వేడి వేడి ఉల్లిపాయ పకోడీల పళ్ళెం ముందుకు జరిపింది. అంత మంటలోనూ హంసిక ఒకటి నోట్లో వేసుకుంది. కరకరలాడింది. అందుకు ఇంకా కోపం వచ్చింది.

"నా మీద గుర్రుగా ఉన్నావని తెలుసు," అత్త గొంతు తగ్గించింది. "చదువు విలువ నాకు తెలీదటే? నేను ఎస్ అనే అన్నాను. ఆ తండ్రీకొడుకులతో వేగడం నా వల్ల కాలేదు. నేను చెప్పానని బయట అన్నావో, నా మీద ఒట్టే!"

హంసిక మెట్లు దబదబా ఎక్కింది. బెడ్‌రూమ్‌లో మానవ్ దిండు గుండెకు అదుముకుని కూర్చున్నాడు.

"హంసీ, ఐ వోటెడ్ ఫర్ యూ. ప్రామిస్! పేరెంట్స్ ఇద్దరూ ఒకటయ్యారు, నేనేం చేయను? వాళ్ళతో అనొద్దు ప్లీజ్."

హంసిక ముఖం జేవురించింది. అతని చేతిలోంచి దిండు లాగి మంచం మీదకు విసిరికొట్టింది. రెక్క పట్టుకుని కిందికి లాక్కొచ్చింది.

"అందరూ టేబుల్ దగ్గరికి రండి. ఇప్పుడే!"

"మళ్ళీ అరుపులా?" అన్నాడు లక్ష్మీకాంతం.

"అరవను మామయ్యా. ఎవరు వద్దన్నారని కూడా అడగను. రూల్ నాది, నేను తప్పను. కానీ ఇందాక గరాజ్‌లో ఒకరు, వంటింట్లో ఒకరు, మేడ మీద ఒకరు, నన్ను వెళ్ళమనే ఓటు వేశామని చెప్పారు. అందరికీ థాంక్స్. ఇక్కడున్నది ముగ్గురే. నాతో అబద్ధమాడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

కృష్ణకుమారి పకోడీల పళ్ళెంలోకి చూసింది. లక్ష్మీకాంతం కళ్ళజోడు తీసి లుంగీతో తుడవసాగాడు. మానవ్ సీలింగ్ వైపు చూశాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

"అయితే ఏకగ్రీవం. రేపు పొద్దున్నే 'వస్తున్నాను' అని రాసేస్తున్నా."