తోడు వచ్చేవారు

మత్తు మాన్పించే ఆసుపత్రిలో నర్సు ఫారం నింపుతోంది. ప్రశ్నలు పందొమ్మిదేళ్ల కూతురికి, జవాబులు తల్లివి.

"తాగుడు ఎప్పట్నుంచి?"

"పోయినేడు సెలవుల్నుంచి. అంతకుముందు దగ్గుమందుకే మొహం తిప్పేది, మహాతల్లి. చదువుకుంటుందని మా మరిది ఇంటికి పంపితే ఇలా తయారై వచ్చింది."

"ప్రతివారం తోడు ఎవరొస్తారు?"

"ఇంకెవరు, వాళ్ల బాబాయే. దేవుడిలాంటి మనిషి. ఆ నెల్లాళ్లూ రాత్రిళ్లు కూడా దీన్ని ఒంటరిగా వదల్లేదు."

"అవును, వదల్లేదు," అంది కూతురు. ఆమె మాట్లాడటం అదే మొదలు.

'బాబాయి' అని రాస్తున్న నర్సు కలం ఆగింది. తల్లి కూతురి మొహంలోకి చూసింది.

"ఆ మాట కొట్టేయండి. నేనే వస్తా."

కూతురు నవ్వింది. "అప్పుడు ఫోన్ చేసి రమ్మంటే వేషాలన్నావు కదమ్మా."