పల్లపు జెట్లు

"ఈ జెట్లు ఎవరు బిగించారయ్యా?" విప్పిన కార్బరేటర్ చేత్తో పట్టుకుని మొగుడి ముందుకొచ్చి నిలబడింది ఆర్డిత్.

ఓరిన్ కాఫీ కప్పులోకి చూశాడు.

లెడ్‌విల్‌లో బండి నల్లపొగ కక్కితే జనం ఆర్డిత్ షెడ్డుకే వస్తారు. పదివేల అడుగుల కొండ మీది ఊరు. గాలి పలచన, కాబట్టి పెట్రోలూ తగ్గించే పోయాలి. అందుకే ఇక్కడి బళ్ళ కార్బరేటర్లలో పెట్రోలు వదిలే జెట్లు సన్న బెజ్జాలవి వేస్తారు. అలాంటిది ఇవాళ సొంత మొగుడి పికప్పే పొగ కక్కింది. ప్లగ్గులు విప్పితే మసిబొగ్గులు. లోపల చూస్తే పెద్ద బెజ్జాల జెట్లు, పల్లపు ఊళ్ళవాళ్ళు వాడేవి. మొగుడి బండి మీద పరాయి చెయ్యి పడిందని తెలిసేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"కొండ దిగితే ఇంజను టకటకా కొట్టుకుంది. ప్యూబ్లోలో ఒకడు మార్చాడు," అన్నాడు ఓరిన్.

"గురువారం గురువారం చేపలకని పోతున్నది ప్యూబ్లోకా?"

ఓరిన్ కప్పు కింద పెట్టాడు.

"వెళ్ళొచ్చేవాడు జెట్లు మార్పిస్తాడా? కాపురం పెట్టేవాడు మార్పిస్తాడు గానీ! మనుషులు అబద్ధం ఆడతారేమో, ప్లగ్గులు ఆడవయ్యా."

కోపమో మరేమో, ఊపిరందక టైర్ల దొంతర మీద కూలబడింది. ముప్ఫై ఏళ్ళ కాపురం. ఏడుపు తన్నుకొస్తోంది. ఇతని ముందు ఏడవకూడదని పంతం.

"ఎవరది? పేరు చెప్పు."

ఓరిన్ జేబులోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"షెడ్డు. రెండు కార్లు పడతాయి, వెనక రెండు గదులు. బోర్డు మీద నీ పేరే రాయించాను."

ఆర్డిత్ తెల్లబోయింది. "నాకెందుకయ్యా ప్యూబ్లోలో షెడ్డు? చచ్చినా ఈ కొండ దిగనని పెళ్ళినాడే చెప్పానుగా!"

"చెప్పావు. అందుకేగా చెప్పకుండా చేసింది." ఓరిన్ పక్కన కూర్చుని, మసి అంటిన ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ గాలి నీ గుండెకు చాలదని డాక్టరు రాసిన ఉత్తరం, నువ్వు నాకు కనబడకుండా దాచుకున్నదే, అది మార్చిలోనే చదివానే పిచ్చిదానా!"