కొండకీ సముద్రానికీ మధ్య ఇల్లు

మా భవనం నడుమ ఒకప్పుడు ఎనిమిది అంతస్తుల ఎత్తున పెద్ద ఖాళీ ఉండేది. వెనక కొండలో ఉండే డ్రాగన్ నీళ్లు తాగడానికి సముద్రానికి వెళ్లే దారి అది. హాంగ్‌కాంగ్‌లో మా వైపు కట్టేవాళ్లు అలా వదలడం మామూలే. కొత్త యజమాని ఆ ఖాళీని ఇళ్లతో నింపేశాడు. అందులో ఒకటి మాది.

ఆ రాత్రి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా హాల్లో ఆరేసిన పాప బట్టలు సముద్రం వైపుకి ఒరిగి అలాగే నిలిచాయి. ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది. కొండవైపు గోడ, బరువు మోస్తున్నట్టు సన్నగా మూలిగింది. ఆ గోడ పక్కనే పాప ఉయ్యాల.

"దారికడ్డంగా కాపురం పెట్టాం. రెండు వైపులా కిటికీలు తెరువు, అమ్మాయ్!" అంది మా అత్తగారు.

"లిఫ్టు ఉందిగా అమ్మా, దిగి వెళ్లమను," అని నవ్వాడు మా ఆయన వింగ్‌హాంగ్.

గోడ మీద ఒక పగులు ఉయ్యాల దాకా పాకింది. నేను పాపను లాక్కుని సముద్రం వైపు కిటికీ తెరిచాను. ఆయన నవ్వు మాని, కొండవైపుది తెరిచాడు.

మూలుగు ఆగింది. తడిరాతి వాసన ఇల్లంతా నిండింది. మాకేమీ కనిపించలేదు. పాప మాత్రం కొండవైపు నుంచి సముద్రం వైపుకి మెల్లగా తల తిప్పింది. మళ్లీ కొండవైపు చూసి, మళ్లీ తిప్పింది, రైలుపెట్టెలు చూస్తున్నట్టు.

కిటికీ మూయబోయిన మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది అత్తగారు.

"ఆగరా. తోక ఇంకా కొండలోనే ఉంది."