ఒక్కరికే మినహాయింపు

"చట్టం అందరికీ ఒకటే నాయనా. ఊరికి నీళ్లు రోజూ కావాలి. వారంలో ఒకరోజు పంపు ముట్టుకోనంటే ఎలా?" అన్నాడు అధికారి, కళ్లజోడు పైకి తోసుకుంటూ.

కొత్త ఆపరేటర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఒక్కరోజు పొద్దుగూకేదాకా ప్రార్థన తప్ప మరో పని చేయకూడదన్నది అతని మతంలో గట్టి నియమం. దానికోసం ఇప్పటికే రెండు ఉద్యోగాలు ఊడాయి. ఇంట్లో భార్యకి నెలలు నిండుతున్నాయి. ఇదీ పోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలి?

"మత నియమం ఉన్నవాళ్లకి మినహాయింపు కూడా చట్టంలోనే ఉందటండీ," అన్నాడు నెమ్మదిగా.

"ఉంది. కానీ పంపుహౌస్‌కి ఒక్కరికే. మీరున్నదే ఇద్దరు." అధికారి పక్క కుర్చీలోని పెద్ద ఆపరేటర్ వైపు తిరిగాడు. "బాగా ఆలోచించుకోండి. ఒకసారి ఒప్పుకున్నాక మళ్లీ మార్చడం కుదరదు."

ఊరంతా బాబాయ్ అని పిలిచే ఆ పెద్దాయన చేతిలోని నూనెగుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఒక్కరూ ఈ అబ్బాయే కానివ్వండి. ఆ రోజు పంపు సంగతి నేను చూసుకుంటా."

అధికారి ఆయన్ని మరోసారి అడిగి, సరేనన్నాడు. కుర్రాడికి ఆయన కాళ్లమీద పడాలనిపించింది.

ఆ వారమే అతను ఆ ఊరి ప్రార్థన మందిరానికి మొదటిసారి వెళ్లాడు. లోపల ఇసుకేస్తే రాలనంత జనం. మొదటి వరుసలో కిటికీ పక్కన మాత్రం ఒక చోటు ఖాళీగా ఉంది. కూర్చోబోతే ఓ ముసలామె చొక్కా పట్టుకుని ఆపింది.

"అక్కడ కాదు నాయనా. అది ఒకాయనది."

"ఎప్పుడొస్తారండీ?"

"వీలైనప్పుడు వస్తాడులే."

ఎవరో తీరిక లేని పెద్దమనిషి కాబోలనుకుని అతను వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా ఆ చోటు ఖాళీగానే ఉండేది. చివర్లో కళ్లు మూసుకుని ప్రతిసారీ ఒకటే కోరుకునేవాడు: 'దేవుడా, బాబాయ్‌కి నీమీద నమ్మకం లేకపోయినా ఆయన్ని చల్లగా చూడు.'

మర్నాడు పనిలోకి రాగానే బాబాయ్ తయారు. "ఏరా భక్తుడా, నిన్న ఏం పాడారు?"

వేళాకోళమని తెలిసినా కుర్రాడు పాడి వినిపించేవాడు. పంపు హోరులో వినపడక బాబాయ్ దగ్గరికొచ్చి చెవి ఒగ్గేవాడు.

"నీ గొంతుకన్నా మన పంపే నయంరా," అనేవాడు. "అయినా ఇంకోసారి పాడు."

"అంత ఇష్టమైతే ఒక్కసారి రాకూడదూ?"

"నేనొస్తే ఊరికి నీళ్లెవరు వదులుతారు, మీ దేవుడా?"

కుర్రాడు నవ్వేసేవాడు. జ్వరమొచ్చినా, వాన ముంచెత్తినా ఆ రోజు బాబాయ్ పంపు దగ్గరే ఉన్నాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు, ఒక్క మాట ఎత్తిపొడవలేదు. ఇంత మంచి మనిషికి దేవుడంటే ఎందుకు పట్టదో కుర్రాడికి అంతుపట్టేది కాదు.

కుర్రాడి కూతురు బడికెళ్లే వయసొచ్చేసరికి బాబాయ్ రిటైరయ్యే రోజొచ్చింది. పూలదండ తీసి పంపుకే తగిలించి, బాబాయ్ అతని భుజం తట్టాడు.

"దిగులుపడకు. నా బదులు వచ్చేవాణ్ణి అడిగేశా. ఆ రోజు వాడికి ఏ పట్టింపూ లేదట. నీ మినహాయింపుకి ఢోకా లేదు."

"మీ రుణం ఎలా తీర్చుకోను బాబాయ్?"

"మళ్లీ పాడకుండా ఉండు, చాలు!"

ఆ వారం మందిరంలో పాట సగంలో ఉండగా తలుపు తెరుచుకుంది. వెనక వరుసల్లోంచి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ముసలామె కళ్లొత్తుకుంటూ వెళ్లి, కిటికీ పక్క చోటుని కొంగుతో తుడిచింది. కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు.

బాబాయ్ నేరుగా వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు.