వెలగని గీత

"బాగు చెయ్యొద్దు" అన్నాడు పెద్దాయన.

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ అలాగే ఆగిపోయింది.

"చెయ్యొద్దా? మరి రిపేరు షాపుకెందుకు తెచ్చారు సార్?"

"వెలిగేలా చెయ్యి, చాలు. అంకెల జోలికి మాత్రం వెళ్ళకు."

బల్ల మీద ఉన్నది పాతకాలపు కాలిక్యులేటర్. టైపు మిషనంత బరువు. అంకెకొక గాజు గొట్టం. కరెంటు తీగను ఎలుకలు కొరికేసినట్టున్నాయి.

మెకానిక్ కొత్త తీగ వేసి, ఫ్యూజు మార్చి, స్విచ్చి నొక్కాడు. అంకెలు ఆకుపచ్చగా వెలిగాయి.

"అయిపోయింది. తీసుకెళ్ళండి."

పెద్దాయన కదల్లేదు. స్టూలు లాక్కుని మిషన్ ముందు కూర్చున్నాడు. వరసగా ఎనిమిది అంకెలు నొక్కాడు. అన్నీ ఎనిమిదులే. వాటికేసి రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

పావుగంట గడిచింది.

"ఏం చూస్తున్నారు సార్? బాగానే ఉందిగా?"

"తొందరపడి బాగుందనకు బాబూ."

మిక్సీ ఇచ్చిపోదామని వచ్చినావిడకి నిలబడే చోటు లేదు. ఫ్యాను కోసం వచ్చినాయన గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోయాడు.

"సార్, ఇది షాపు. ఇంట్లో పెట్టుకుని చూసుకోండి."

"ఇంకాసేపు."

"ఇందాకట్నుంచీ అదే మాట!"

నలభై నిమిషాలయ్యాక ఎడమ నుంచి మూడో గొట్టంలో కుడివైపు పైగీత రెపరెపలాడి ఆరిపోయింది. ఎనిమిది కాస్తా ఆరయింది.

పెద్దాయన దిగ్గున లేచాడు.

"చూశావా? ఆరు! ఆరే కదూ?"

"ఆరే. పాడైంది. దానికింత సంబరమేంటండీ?"

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. స్విచ్చి ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ వేశాడు. మళ్ళీ ఎనిమిదే.

"వేడెక్కితేనే ఆరు" అన్నాడు తనలో తాను. తర్వాత మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు పొద్దున ఒకావిడ వస్తుంది. ఆవిడ కళ్ళముందు ఇది ఇలాగే ఆరు చూపించాలి. అందాకా ముట్టుకోకు. నీకు పుణ్యముంటుంది."

"మీరూ వస్తారుగా?"

"నేను రాను" అని గబగబా మెట్లు దిగిపోయాడు.

మెకానిక్ తల పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా చెడినవి బాగుచేసి బతుకుతున్నాడు. చెడినదాన్ని చెడినట్టే ఉంచమనే మనిషి ఇన్నాళ్ళకి తగిలాడు.

ఎదుటివాళ్ళు చూస్తే ఏమంటారు? ఒక్క గీత వెలిగించడం చేతకాలేదంటారు. ఆ మాట తన షాపులోనా?

మూత విప్పాడు. మూడో గొట్టం అడుగున తీగ అతికిన చోట టంకం వెంట్రుకవాసి చిట్లింది. వేడికి సాగి విడిపోతోంది. సోల్డరింగ్ ఐరన్ ఒక్కసారి తాకించాడు. అంతే. రెండు గంటలు వెలిగించి ఉంచినా ఎనిమిది చెక్కుచెదరలేదు.

"తిక్క కుదిరింది" అనుకున్నాడు తృప్తిగా.

మర్నాడు తలుపు తీసేసరికే ఒక పెద్దావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. తల ముగ్గుబుట్టయింది. చేతిలో గుడ్డసంచీ.

"ఇక్కడ పాత లెక్కల మిషన్ ఉందట. చూడమని నిన్న ఫోన్ చేశారు బాబూ."

మిషన్ని చూడగానే ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. మెల్లగా దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చుని, స్విచ్చి వేసి, మీటల మీద చెయ్యి పెట్టింది. చూడకుండానే ఆవిడ వేళ్ళు ఎనిమిదులు నొక్కాయి.

"దీంతో పదకొండేళ్ళు పనిచేశాను" అంది.

అరగంటయింది. గంటయింది. ఆవిడ చూపు మరల్చలేదు. ఎనిమిది ఎనిమిదిలాగే ఉంది.

చివరికి సంచీ తీసుకుని లేచింది.

"అప్పుడూ ఇంతే చేసింది మాయదారి మిషను."

"ఎప్పుడమ్మా?"

"బట్టల మిల్లులో నాది రంగులు కలిపే పని. ఎనభై పాళ్ళ రంగు వెయ్యాల్సిన చోట అరవై పాళ్ళే వేశాను. వెయ్యి గజాల బట్ట వెలవెలబోయింది. మిషన్లో ఆరే కనబడిందని మొత్తుకున్నాను. విచారణలో నొక్కి చూస్తే ఎనిమిది నిక్షేపంలా వెలిగింది. అబద్ధాలకోరువని పంపేశారు. తప్పు ఒప్పేసుకోవే అని మా అమ్మ కూడా అంది బాబూ. మా అమ్మ కూడా!"

మెకానిక్ మిషన్ వైపు చూశాడు.

"అమ్మా... అది నిన్న ఆరే చూపించింది. నేనే... బాగుచేసేశాను."

ఆవిడ సంచీ మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"ఉండండి, ఆ టంకం ఊడదీస్తాను" అంటూ అతను మూత విప్పబోయాడు.

"వద్దు. ఇప్పుడు చెడగొడితే అది నువ్వు చెడగొట్టిందే అవుతుంది."

"నేను కళ్ళారా చూశానమ్మా. నలభై నిమిషాలకి ఎనిమిది ఆరయింది. ఒట్టు."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాడు.

"ఇంకొక్కసారి."

మళ్ళీ చెప్పాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, పసిపిల్ల కథ విన్నట్టు విన్నది.

మెకానిక్‌కి తల కొట్టేసినట్టుంది.

"మిల్లు మూసేసి సామాన్లు అమ్ముతుంటే, అనుమానం తీరక ఆయనే దీన్ని వెతికి కొన్నారట" అంది ఆవిడ. "నిన్న ఫోన్లో చెప్పారు. నా ఎదుట పడే మొహం లేదన్నారు."

"మీ కోసం ఇంత తాపత్రయపడ్డారు, ఆయన మీకేమవుతారమ్మా? అన్నయ్యా?"

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమీ కారు బాబూ. ఆ రోజు విచారణకొచ్చి, నేను అబద్ధాలకోరునని రాసి సంతకం పెట్టిన ఆఫీసరు ఆయనే."