బేరమాడని మనిషి

ఆ మనిషి సైకిల్‌ను వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు.

టింగ్.

హ్యాండిల్ కింద మళ్లీ కొట్టాడు.

టక్.

"ఏయ్, ఎవరయ్యా నువ్వు? చెయ్యి తియ్యి!" సర్వేయర్ రంగనాథం కసిరాడు.

మద్రాసు జార్జి టౌన్‌లో పరంధామయ్య పప్పుల గోడౌన్ అది. ఆయన మనవరాలు శ్రుతికి కొలతలిచ్చి చేయించిన స్టీలు రేసు సైకిల్‌ను, వెనక్కి వస్తున్న లారీ గోడకేసి నొక్కింది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టానికి విలువ కట్టడానికి రంగనాథం వచ్చాడు.

వెనక చక్రం వంకర్లు పోయింది. రంగు లేచింది. ఫ్రేము మాత్రం చెక్కుచెదరలేదు. పెడల్ కింద చిన్న సున్నా ముద్ర తప్ప ఎక్కడా పేరు లేదు.

"ఎవరు చేసినారమ్మా దీన్ని?" రంగనాథం శ్రుతిని అడిగాడు.

"తెలీదు అంకుల్. ఇక్కడే ప్యారీస్ కార్నర్ దగ్గర ఒక షాపులో కొలతలు ఇచ్చినాం. ఆ షాపు మూసేసినారు."

'తయారీదారు' అన్న గడిలో రంగనాథం 'తెలియదు' అని రాశాడు.

కొత్త మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ముంజేతుల నిండా కాలిన మచ్చలు.

"పాత ఇనుము కొంటా సామీ. అమ్మాసి నా పేరు, వ్యాసర్పాడి. ఇది మొత్తం పోయిందని రాయండి. ఆ తుక్కు నేను తీసుకుంటా."

"ఎంతకు?"

"మీరే చెప్పండి."

రెండొందలు కూడా చేయని తుక్కు. రంగనాథం కావాలనే, "రెండు వేలు" అన్నాడు.

"సరే సామీ."

అమ్మాసి నడుముకు కట్టుకున్న మూట విప్పసాగాడు.

రంగనాథం చెయ్యి ఆగిపోయింది. అతని తాత, తండ్రి ఈ సందుల్లోనే మిరపకాయల దళారులు. 'బేరమాడనోడి దుడ్డు ముట్టుకోబాక. నీకు తెలీనిది వాడికేదో తెలుసు' అని అన్నం ముద్దలతో పాటు నూరిపోశారు.

"ఏం పెద్దాయనా, ఈయన మీ మనిషేనా?"

"నేనెప్పుడూ చూళ్లేదబ్బా" అన్నాడు పరంధామయ్య.

"మొత్తం పోయిందని రాస్తే మీకు తొమ్మిది వేలు, ఈయనకు సైకిలు. బాగుండాది కత!"

ముసలాయన మొహం కందిపోయింది. "రంగనాథం! మీ నాయనతో నలభై ఏళ్లు వ్యాపారం చేసినా. ఒక్క అబద్ధం ఆడలా. నీకేది న్యాయమో అదే రాసుకో పో."

అమ్మాసి చేతులు జోడించాడు. "ఆయనకేం సంబంధం లేదు సామీ. హ్యాండిల్ కింద అతుకు చూడండి. పైన నున్నంగా ఉండాది, లోపల అతికించే ఇత్తడి కరిగి పారలా. ఇది రోడ్డెక్కకూడదు."

"లోపలిది నీకెట్టా తెలుసు? దూరి చూసినావా?"

అమ్మాసి నోరు తెరిచాడు. శ్రుతి వైపు చూశాడు. మూసుకున్నాడు.

"ఆ సద్దయినా వినండి సామీ."

"సద్దుకు విలువ కట్టే గడి నా ఫారంలో లేదు. పో, పో!"

శ్రుతి ముందుకొచ్చింది. "పరవాయిల్లె, ఏం కాదులే తాతా, చక్రం మారిస్తే చాలు. ఆదివారం మాధవరం రోడ్డులో రేసుండాది."

'మరమ్మతుకు వీలున్నది. చక్రం, రంగు: పన్నెండు వందలు' అని రాసి రంగనాథం సంతకం పెట్టాడు.

వాకిలి దాటుతూ అమ్మాసి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. సైకిల్‌ను కాదు, శ్రుతిని.

శనివారం అతను ఆ సైకిల్‌ను ఎత్తుకుపోబోతే, మూటలు మోసే కూలీలు పట్టుకుని కొట్టి తరిమారు.

"నేను చెప్పలా!" అన్నాడు రంగనాథం, కబురు విని.

ఆదివారం పొద్దున మాధవరం పాల కాలనీ మలుపులో హ్యాండిల్ ఊడి శ్రుతి చేతుల్లోకి వచ్చింది.

వెనకే పాల లారీ ఉంది.

సోమవారం రంగనాథం ఆ విరిగిన అతుకు చూశాడు. లోపల ఇత్తడి చుక్క లేదు. నల్లగా, బోలుగా ఉంది.

వాడికి ముందే తెలుసు. ముందే తెలుసంటే, వాడే ఏదో చేసుండాలి.

ఆ కోపంతోనే వ్యాసర్పాడి పోయాడు. రైలు యార్డు వెనక రేకుల షెడ్డు. గడపలో ఒకామె కూర్చుని ఉంది. చెవులకు కమ్మలు లేవు, వేపపుల్లలున్నాయి.

"అమ్మాసి ఉండాడా?"

"పోలీసు టేసనుకు పోయినాడయ్యా. పొద్దున్నే, తనంతట తానే. నేను ఆయన పెళ్లాన్ని, తంగమ్మని."

"ఎందుకు పోయినాడు?"

"రెండేళ్ల కింద ఒక సైకిలు ఇరిగి ఒకాయన చచ్చిపోయినాడు. ఆ పొద్దే పోతానన్నాడు. 'నన్ను లోపలేస్తే మిగతా ఏడూ ఎవరు ఎతుకుతారు తంగం, అన్నీ చేతికొచ్చేదాకా నోరిప్పను' అని ఆగిపోయినాడు. షాపు మూసేసినారు, అడ్రసులు లేవు. వీధి వీధీ తిరిగినాడు. అడిగినోళ్లకు అడిగినంత ఇచ్చినాడు. నా కమ్మలు పోయె, ఉన్న ఇల్లు పోయె. ఆరు దొరికినాయి."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఏడోది ఎవరో ఆఫీసరు ఇయ్యలేదంటయ్యా."

రంగనాథం తల వంచుకుని షెడ్డులోకి అడుగుపెట్టాడు.

గోడకు ఏడు కొక్కేలు. ఆరింటికి, మళ్లీ ఎవరూ ఎక్కకుండా నడిమికి కోసేసిన సైకిల్ ఫ్రేములు వేలాడుతున్నాయి. ప్రతిదానికీ పెడల్ కింద చిన్న సున్నా ముద్ర.

ఏడో కొక్కెం కింద, చల్లారిన కొలిమి పక్కన, ఆ సున్నా కొట్టే ఉక్కు ముద్ర పడి ఉంది.